సంఘజీవితంలో వాక్యప్రసంగ ప్రాముఖ్యం: డోర్నకల్ అనుభవం

1. ఉపోద్ఘాతం

క్రైస్తవ ఆరాధనలో వాక్యప్రసంగమంటే చదివిన లేఖనభాగానికి అర్థవివరణ. దీనికి ప్రాచీన నమూనా నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ఉంది. యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట ఎజ్రా ధర్మశాస్త్రాన్ని చదవగా, లేవీయులు దాని భావాన్ని ప్రజలకు తెలియజెప్పారు. చదవడం, వివరించడం, శ్రోతలు గ్రహించడం అనే మూడంశాలూ అందులో కలిసి ఉన్నాయి.

2. డోర్నకల్: వినికిడే గ్రంథం

తెలుగునేలపై ఈ ప్రాముఖ్యానికి పూర్వపు వరంగల్లు జిల్లాలోని డోర్నకల్ ఉదాహరణ. తిరునల్వేలి ప్రాంతానికి చెందిన వి.ఎస్. అజరయ్య 1909లో అక్కడికి వచ్చి, తెలుగు నేర్చి సువార్తసేవ చేశారు. 1912లో డోర్నకల్ అధ్యక్ష మండలానికి బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ఆనాటి సంఘస్థుల్లో అధికులు చదువుకు దూరమైన మాల, మాదిగ కుటుంబాలవారు. అచ్చయిన బైబిలు ఉన్నా చదవగలిగినవారు తక్కువ. కాబట్టి ఉపాధ్యాయుడు చెప్పిన కథ, సంఘం కలిసి పాడిన కీర్తన, కంఠస్థం చేసిన వచనం వారికి బైబిలుగా నిలిచాయి. బోధకుడు తప్పు చెబితే సరిచూసుకునే వీలు శ్రోతకు ఉండేది కాదు. గ్రామోపాధ్యాయుల, కాపరుల శిక్షణకు అజరయ్య ఇచ్చిన ప్రాధాన్యాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

3. వర్తమాన స్థితి

నేడు వరంగల్లులోని కొత్తవాడ వంటి నేతకారుల పేటలోనూ సెల్‌ఫోనులో తెలుగు బైబిలు లభిస్తుంది. అయినా ప్రసంగం అవసరం తీరిపోలేదు. వచనం సులభంగా దొరికినంత మాత్రాన సందర్భం బోధపడదు. కొత్త సంవత్సరపు వాగ్దానంగా తరచు వినిపించే యిర్మియా 29:11 ఇందుకు నిదర్శనం. అది బబులోను చెరలో ఉన్నవారికి రాసిన లేఖలోని మాట. దాని ముందరి వచనమే విడుదలకు 70 ఏళ్లు గడువు చెబుతుంది. ఆ గడువును విడిచిపెట్టి శీఘ్ర సమృద్ధిని వాగ్దానం చేస్తే, అది నెరవేరనప్పుడు లోపం తన విశ్వాసంలోనే ఉందని పేదవిశ్వాసి కుమిలిపోతాడు. సందర్భంతో బోధిస్తే అదే వచనం దీర్ఘకాలపు కష్టంలో ఓర్పునిస్తుంది.

4. ముగింపు

పౌలు బోధను బెరయవారు లేఖనాలతో పోల్చి పరిశీలించారని అపొస్తలుల కార్యములు 17:11 మెచ్చుకుంటుంది. డోర్నకల్ తొలితరం శ్రోతల్లో అనేకులకు లేని ఆ అవకాశం నేటి సంఘానికి ఉంది. ప్రసంగీకుడు లేఖనానికి లోబడి వివరించడం, శ్రోత గ్రంథం తెరచి సరిచూడడం రెండూ జరిగినప్పుడే వాక్యప్రసంగం సంఘాన్ని పోషిస్తుంది.