ట్రక్కు ముందు యాక్సిల్ షాఫ్ట్ పొడవు ఎందుకు పెంచుతారు? కోసి వెల్డింగ్ చేస్తే ముప్పు ఏంటి? పూర్తి వివరాలు ఇవే..

ఇసుక దిబ్బ మీద నుంచి గాల్లోకి లేచి, ధన్‌మని కిందపడి, ఏమీ కానట్టు దూసుకుపోయే ట్రక్కుల వీడియోలు మీ ఫోన్‌లో కూడా కనిపించే ఉంటాయి. మెక్సికోలోని బాజా కాలిఫోర్నియా ఎడారిలో 1967లో మొదలైన బాజా 1000 రేసు వీడియోలకైతే లెక్కే లేదు. ఇవి చూసినవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే.. 'ఏ కంపెనీ షాక్ అబ్జార్బర్లు అన్నా?' అని. కానీ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులో ముందు చక్రం ఎంత పైకి, ఎంత కిందకి ఆడాలన్నది షాకులు మాత్రమే తేల్చవు. డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే ఒక ఇనుప కడ్డీ కూడా తేలుస్తుంది. అదే ఫ్రంట్ యాక్సిల్ షాఫ్ట్. కస్టమ్ సస్పెన్షన్ కట్టేటప్పుడు దీని పొడవు ఎందుకు పెంచుతారు? ఎలా పెంచాలి? ఎలా పెంచకూడదు? ఇప్పుడు చూద్దాం.

షాఫ్ట్ చేసే పని ఇదీ

ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న ట్రక్కులో డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. అది కదలదు. చక్రం మాత్రం గుంత వస్తే కిందకి, బండరాయి ఎక్కితే పైకి వెళ్తుంది. దానికి తోడు స్టీరింగ్‌తో పాటు పక్కలకు కూడా తిరుగుతుంది. ఇన్ని కదలికల మధ్య ఇంజిన్ శక్తి ఆగకుండా చక్రానికి చేరాలి. అందుకే షాఫ్ట్ రెండు చివర్లా సీవీ జాయింట్లు ఉంటాయి.

బయటి జాయింట్ సాధారణంగా ర్జెప్పా రకం. ఫోర్డ్‌లో ఇంజినీర్‌గా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ర్జెప్పా పేరు మీదే దానికి ఆ పేరొచ్చింది. లోపల 6 ఉక్కు గుండ్లు ఉంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా పనిచేయాలి కాబట్టి ఇది 45 డిగ్రీలకు పైగా వంగగలదు.

లోపలి జాయింట్ సంగతి వేరు. ఇది ఎక్కువగా ట్రైపాడ్ రకం. చక్రం పైకీ కిందకీ వెళ్లేటప్పుడు డిఫరెన్షియల్‌కు, చక్రానికి మధ్య దూరం మారుతూ ఉంటుంది కదా.. ఆ తేడాను సర్దడానికి ఇది లోపలికీ బయటికీ జారుతుంది. అయితే వంగే కోణం మాత్రం తక్కువ. మామూలుగా 23 నుంచి 26 డిగ్రీల దగ్గరే దీని హద్దు. అందుకే చాలా ట్రక్కుల్లో మొదట అడ్డుపడేది ఈ లోపలి జాయింటే.

పొడవు పెంచితే లాభమేంటి?

ఇదంతా చిన్న లెక్క. షాఫ్ట్‌ను తలుపు రెక్కలా ఊహించుకోండి. బందు దగ్గర ఒకే కోణంలో తిరిగినా, రెక్క ఎంత వెడల్పు ఉంటే దాని చివర అంత ఎక్కువ దూరం కదులుతుంది. షాఫ్ట్ కూడా అంతే.

ఉదాహరణకు రెండు జాయింట్ల మధ్య దూరం 15 అంగుళాలు అనుకుందాం. జాయింట్ పైకి 22 డిగ్రీలు, కిందకి 22 డిగ్రీలు వంగితే, షాఫ్ట్ చివర మొత్తం సుమారు 11.2 అంగుళాలు ఆడుతుంది. అదే షాఫ్ట్‌ను మూడున్నర అంగుళాలు పెంచి 18.5 చేస్తే? అదే కోణంలో దాదాపు 13.9 అంగుళాలు ఆడుతుంది. జాయింట్ మీద అదనపు భారం లేకుండా రెండున్నర అంగుళాలకు పైగా ట్రావెల్ వచ్చేసినట్టే. పాత షాఫ్ట్‌తోనే ఆ 13.9 అంగుళాలు కావాలంటే కోణం 27 డిగ్రీలు దాటాలి. అంటే లోపలి జాయింట్ హద్దు మీరిపోతుంది. బూట్ చిరుగుతుంది, గ్రీజు కారిపోతుంది, చివరికి జాయింటే విరుగుతుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. షాఫ్ట్‌ను ఒక్కదాన్నే పొడవు పెంచరు. ముందు కంట్రోల్ ఆర్మ్‌లు పొడవు పెరుగుతాయి. దాంతో చక్రం బయటికి జరుగుతుంది. ఆ దూరాన్ని అందుకోవడానికే షాఫ్ట్ పొడవు పెరగాలి. లాంగ్ ట్రావెల్ కిట్‌లలో ఒక్కో పక్కకు 2 నుంచి 4 అంగుళాల వరకు ఇలా పెంచుతుంటారు.

లిఫ్ట్ వేరు.. ట్రావెల్ వేరు

చాలామంది తికమకపడేది ఇక్కడే. లిఫ్ట్ కిట్ వేస్తే ట్రక్కు ఎత్తు పెరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆర్మ్‌ల పొడవు అదే కాబట్టి షాఫ్ట్ నిలబడి ఉన్నప్పుడే కిందకి వంగి ఉంటుంది. అంటే జాయింట్‌కు ఉన్న కోణంలో కొంత ముందే ఖర్చయిపోయింది. గుంతలో చక్రం ఇంకాస్త దిగితే హద్దు తగులుతుంది. ఆర్మ్‌లు, షాఫ్ట్‌లు పొడవు పెంచితే మాత్రం ట్రక్కు వెడల్పవుతుంది, చక్రం ఆడే దూరం పెరుగుతుంది.

కంపెనీలు కూడా ఇదే దారి పట్టాయి. ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్‌నే తీసుకోండి. 2017 రాప్టర్ మామూలు ఎఫ్-150 కంటే సుమారు 6 అంగుళాలు వెడల్పు. ముందు చక్రం ట్రావెల్ 13 అంగుళాలు, వెనక 13.9 అంగుళాలు. షోకు కోసం పెంచిన వెడల్పు కాదది.

పొడవైతే బలం తగ్గుతుందా?

చాలామందికి వచ్చే అనుమానం ఇది. జవాబు కాస్త ఆశ్చర్యంగానే ఉంటుంది. ఒకే మందం, ఒకే ఉక్కు, ఒకే మెలిక బలం అయితే.. షాఫ్ట్ పొడవు పెరిగినంత మాత్రాన దాని మీద పడే ఒత్తిడి పెరగదు. ఒత్తిడిని తేల్చేది మందం. మందం కేవలం 10 శాతం పెరిగితే తట్టుకునే బలం సుమారు 33 శాతం పెరుగుతుంది.

పొడవుతో మారేది మెలిక తిరిగే కోణం. షాఫ్ట్ 20 శాతం పొడవైతే, అదే బలానికి 20 శాతం ఎక్కువ మెలిక పడుతుంది. ఇది కొంతవరకు మంచిదే కూడా. గాల్లో తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా నేలను తాకినప్పుడు ఆ దెబ్బను షాఫ్ట్ స్ప్రింగులా కొంత మింగేస్తుంది.

మరి షాఫ్ట్‌లు ఎందుకు విరుగుతున్నాయి? కారణాలు వేరే ఉన్నాయి. మొదటిది టైర్లు. 31 అంగుళాల టైరు తీసి 35 అంగుళాలది వేస్తే, అదే పట్టు దగ్గర షాఫ్ట్ మీద పడే మెలిక బలం దాదాపు 13 శాతం పెరుగుతుంది. రెండోది ఇరుక్కుపోవడం. చక్రం మీద 700 కిలోల బరువు ఉండి, టైరు వ్యాసార్థం 42 సెంటీమీటర్లు ఉంటే, మంచి పట్టున్న నేల మీద కూడా సుమారు 2,900 న్యూటన్ మీటర్ల దగ్గర టైరు జారిపోతుంది. అంటే టైరే ఫ్యూజులా కాపాడుతోంది. అదే టైరు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే జారే వీలుండదు. లో రేంజ్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఆ బలమంతా షాఫ్ట్ మీదే పడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కోసి అతికిస్తే ఏమవుతుంది?

అసలు ప్రమాదం ఇక్కడుంది. 'షాఫ్ట్‌ను మధ్యలో కోసి, మూడు అంగుళాల ముక్క పెట్టి, పైన పైపు తొడిగి వెల్డింగ్ చేస్తే సరి' అనే సలహా తక్కువ ఖర్చుతో తేలిపోతుంది కాబట్టి ఆకర్షణగానే ఉంటుంది. కానీ ఉక్కు అలా ఒప్పుకోదు.

మెలిక తిప్పినప్పుడు కడ్డీ మధ్యలో ఒత్తిడి దాదాపు ఉండదు. మొత్తం భారం పైపొర మీదే. అందుకే కంపెనీ షాఫ్ట్‌లను ఇండక్షన్ హార్డెనింగ్ పద్ధతిలో పైపొర వరకు బాగా గట్టిపరుస్తారు. వెల్డింగ్ వేడి తగలగానే ఆ గట్టిదనం అక్కడ పోతుంది. దాని పక్కనే వేగంగా చల్లారిన భాగం మాత్రం గాజులా పెళుసుగా మారుతుంది. ఒక చోట మెత్తన, పక్కనే పెళుసు.. పగులు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. పైన పైపు తొడిగినా పగులు పైపు చివరకు జరుగుతుందంతే. పైకి వెల్డింగ్ ఎంత నున్నగా కనిపించినా లోపల జరిగింది కంటికి కనబడదు. పైగా రెండు ముక్కలు వెంట్రుకవాసి వంకరగా అతుక్కున్నా వేగం మీద వైబ్రేషన్ మొదలవుతుంది.

విరిగితే జరిగేది చిన్న నష్టం కాదు. ముందు డిఫరెన్షియల్‌కు లాక్ లేకపోతే, ఒక పక్క షాఫ్ట్ విరగ్గానే శక్తంతా ఆ విరిగిన వైపే వృథాగా పోతుంది. రెండో చక్రానికి కూడా డ్రైవ్ ఆగిపోతుంది. నిటారు గుట్ట ఎక్కుతున్నప్పుడు ఇలా జరిగితే ట్రక్కు వెనక్కి జారొచ్చు. తిరుగుతున్న విరిగిన ముక్క పక్కనే ఉన్న బ్రేక్ గొట్టాన్ని కొట్టినా కొట్టొచ్చు.

మరి సరైన దారి ఏది?

మూడు పద్ధతులున్నాయి.

• కొత్తగా చేయించిన షాఫ్ట్: 4340 క్రోమోలీ లేదా 300ఎం ఉక్కుతో ఒకే కడ్డీగా చేస్తారు. 300ఎం అంటే విమానాల ల్యాండింగ్ గేర్లలో వాడే ఉక్కు. స్ప్లైన్లు తీసి, ఆ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చేస్తారు. ఖర్చు ఎక్కువే, కానీ నమ్మకమైన దారి ఇదే.

• వేరే మోడల్ షాఫ్ట్: అదే కంపెనీ పెద్ద ట్రక్కు షాఫ్ట్ కొన్నిసార్లు పొడవుకు సరిపోతుంది. స్ప్లైన్ల సంఖ్య, జాయింట్ సైజు, హబ్ కొలత మూడూ కుదరాలి. ఒకటి కుదరకపోయినా వృథా.

• స్పేసర్: లోపలి జాయింట్ బోల్టులతో ఫ్లాంజ్‌కు బిగించే రకమైతే మధ్యలో దిమ్మ పెట్టి కొద్దిగా బయటికి జరపొచ్చు. ఇది చిన్న తేడాలకే పనికొస్తుంది. బోల్టులు కూడా పొడవైనవి, బలమైనవి వేయాలి.

కోసి అతికించిన షాఫ్ట్‌కు ఒక్క చోట ఉపయోగం ఉంది. కొత్తది ఆర్డర్ చేసే ముందు పొడవు సరిచూసుకునే డమ్మీగా వాడొచ్చు. దాంతో బండి నడపకూడదు.

కొలత తప్పితే అంతా తప్పే

పొడవు తేల్చేటప్పుడు స్ప్రింగ్ తీసేసి, చక్రాన్ని జాకీతో పైనుంచి కింద వరకు నెమ్మదిగా ఆడించాలి. పూర్తిగా పైన, మామూలు ఎత్తులో, పూర్తిగా కింద.. ఈ మూడు చోట్లే కాదు, మధ్యలో కూడా కొలవాలి. ఎందుకంటే షాఫ్ట్‌కు అతి తక్కువ దూరం కావాల్సిన చోటు అంచుల్లోనే ఉండాలని లేదు. షాఫ్ట్ ఎక్కువ పొడవుంటే లోపలి జాయింట్ అడుగు తగిలి డిఫరెన్షియల్ బేరింగ్‌ను నెట్టేస్తుంది. తక్కువుంటే జాయింట్ ఊడి బయటికి వస్తుంది. రెండు వైపులా కొంత ఖాళీ మిగలాలి. ఇవన్నీ స్టీరింగ్‌ను రెండు పక్కలా పూర్తిగా తిప్పి కూడా చూడాలి.

చక్రం మరీ కిందకి వేలాడకుండా లిమిట్ స్ట్రాప్ కట్టాలి. అది లేకపోతే గాల్లోకి లేచిన ప్రతిసారీ జాయింటే ఆ పని చేయాల్సి వస్తుంది.

షాఫ్ట్‌తో పాటు మారాల్సినవి ఇంకా ఉన్నాయి. టై రాడ్లు తగినట్టు పొడవు పెరగకపోతే, గుంతలో పడ్డప్పుడల్లా చక్రం తనంతట తానే పక్కకు తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. బ్రేక్ గొట్టాలు పొడవైనవి కావాలి. ఆర్మ్ పొడవైతే స్ప్రింగ్ మీద చక్రం పట్టు పెరుగుతుంది కాబట్టి గట్టి స్ప్రింగ్ వేయాలి. ఛాసిస్ దగ్గర ఆర్మ్ బిగించే చోట్లు కూడా బలపరచాలి.

మన దగ్గర సంగతేంటి?

ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలు మన రోడ్ల మీదా ఉన్నాయి. ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ తయారయ్యేది ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలోనే. 2020లో వచ్చిన మహీంద్రా థార్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్ కూడా ఇదే కోవలోవి. మారుతి జిమ్నీది మాత్రం ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్. అక్కడ ఈ లెక్క వర్తించదు.

అయితే మన దేశంలో ఇలాంటి మార్పులకు చట్టం అడ్డుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా చిక్కులు తప్పవు. కాబట్టి వెడల్పు చేసిన ట్రక్కు రేస్ ట్రాక్‌కో, సొంత స్థలానికో పరిమితం చేసుకోవడమే మేలు.

మొత్తానికి చెప్పేదేంటంటే.. పొడవైన షాఫ్ట్ బలహీనమైంది కాదు, అతికించిన షాఫ్టే బలహీనమైంది. డబ్బులు తక్కువగా ఉంటే ట్రావెల్ తగ్గించుకోండి, టైరు సైజు తగ్గించుకోండి. షాఫ్ట్ దగ్గర మాత్రం రాజీ పడొద్దు. ఎవరైనా 'వెల్డింగ్‌తో అయిపోతుంది బ్రో' అంటే, ఆ బండిలో మీ పక్కన ఎవరు కూర్చుంటారో ఒక్కసారి ఆలోచించండి.