పడుకునే ముందు నిప్పు ఆర్పండి

డిసెంబరు, జనవరి నెలల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. ఫజ్ర్ నమాజుకు లేచే పెద్దల కోసం, చిల్లా పూర్తికాని బాలింతల కోసం కొన్ని ఇళ్ళలో బొగ్గుల అంగీఠీ పడకగదిలోకి వస్తుంది. చలిగాలి రాకుండా తలుపులు, కిటికీలు బిగిస్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

మంట లేదు, పొగ లేదు కదా అని ధైర్యపడకూడదు. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో చేరి ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం కలుగుతాయి. నిద్రలో ఉన్నవారికి అవీ తెలియకుండానే ప్రాణం పోవచ్చు. నివురు కప్పిన నిప్పు కూడా ఈ వాయువును వదులుతూనే ఉంటుంది.

మదీనాలో ఒక రాత్రి ఓ ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయింది. ఆ సంగతి తెలిసి దైవప్రవక్త (సఅసం) పడుకునే ముందు నిప్పు ఆర్పివేయాలని ఆదేశించారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

కాబట్టి చలి కాచుకోవలసింది వాకిట్లోనే. తర్వాత నిప్పుల మీద నీళ్ళు పోసి పూర్తిగా ఆర్పండి. కిటికీ కాస్త తెరిచాం కదా అని అంగీఠీని గదిలో ఉంచుకోవద్దు. పసిబిడ్డకు తల్లి ఒడి వెచ్చదనమే మేలు. గదిలో ఎవరైనా స్పృహ తప్పితే వెంటనే తలుపులు తెరిచి, వారిని ఆరుబయటికి చేర్చి, 108కి ఫోన్ చేయండి.

ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని కాపాడుకోవడం మన బాధ్యత.