ఓలే! – స్పెయిన్ మైదానముల గెలుపు కేకలు

స్పెయిన్‌లో ఫుట్‌బాల్ ప్రేక్షకుల నోట వినవచ్చు మాటలలో 'ఓలే' మిక్కిలి పేరొందినది. మన సభలలో 'భళా' యనునట్లు, ఎద్దుతో పోరు వీరుని నేర్పును మెచ్చుచు అచటివారు పలుకు మాట యిది. మైదానమున దీని పోకడ కొంత వేరు. గెలుపు ఖాయమైన పిదప తమ ఆటగాండ్రు బంతిని ఒకరికొకరు అందించుకొనుచుండగా, అందించిన ప్రతిసారియు వేల గొంతులు 'ఓలే' యనును. గోలు పడకయే జనమేల హోరెత్తుచున్నారని రేడియోలో ఆట విను శ్రోతలకు సందేహము కలిగినచో, కారణమిదియే. గెలుచువారికిది మెప్పు, ఓడువారికి మాత్రము పుండుమీద కారము.

'కాంపియోనెస్' అనగా విజేతలు. 2010 జూలై 11న జొహానెస్‌బర్గులో, 116వ నిమిషమున ఇనియెస్టా కొట్టిన గోలుతో నెదర్లాండ్స్‌ను ఓడించి స్పెయిన్ తొలిసారి ప్రపంచకప్పు గెలిచిన రాత్రి వీథుల మారుమ్రోగినది ఈ మాటయే.

అయితే అచటి గెలుపు కేకలన్నియు స్పానిష్ అనుకొనరాదు. 'విస్కా బార్సా', అనగా బార్సా వర్ధిల్లుగాక, కాటలాన్ పలుకు. 1975లో మరణించిన ఫ్రాంకో పాలనలో చాలకాలము ఆ భాషకు బడులలోను కచేరీలలోను చోటు లేకపోయెను. బార్సిలోనావారికి ఆ రెండు మాటలు ఆటకు మించినవగుట అందువలననే.

మాడ్రిడ్‌లో రియల్ జట్టువారి కేక 'ఆలా మాడ్రిడ్'. కప్పు గెలిచిననాడు వారందరు సిబెలెస్ దేవత ఫౌంటెను కడ గుమిగూడుదురు. జట్టు నాయకుడు పైకెక్కి ఆ దేవత మెడకు తమ కండువా చుట్టును.