రాత్రి నిలిపిన లారీ ఉదయమున ఏల కదలదు?

మా పాఠశాలలో తెలుగున చదివి, నేడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నివసించుచున్న పూర్వవిద్యార్థి యొకడు క్రిందటి సంవత్సరము మాకొక లేఖ వ్రాసెను. అతనికి సరకులు మోయు పికప్ లారీ యొకటి కలదు, జీవనమంతయు దానిమీదనే. రెండు మూడు దినములు నిలిపియుంచిన పిదప గేరు వేసినచో, ఇంజను రొద చేయునే గాని బండి కదలదట. కొన్ని క్షణములకు ఒక్క కుదుపుతో ముందునకు దూకునట. ఆపైన సాయంకాలము వరకు ఏ లోపమును కానరాదు. అచటి వర్కుషాపువారు గేరుపెట్టెనే మార్చవలెననిరి. అందులకగు వ్యయము అతని మూడునెలల ఆర్జన. "అయ్యవారూ, ఏమి చేయుదును?" అని అడిగెను.

మేము భౌతికశాస్త్రము బోధించువారమే గాని మేస్త్రీలము కాము. అయినను పుస్తకములు చూచియు, హోసూరులో వాహనముల మరమ్మతు చేయు మిత్రుల నడిగియు తెలిసికొన్నది అతనికి వ్రాసితిమి. దానినే ఇచట చెప్పుచున్నాము.

అతని బండి ఆటోమాటిక్ గేరుది. దానిలో డ్రైవరు కాలితో త్రొక్కు క్లచ్చి లేదు. ఆ పని నూనె చేయును. ఇంజనునకును గేరుపెట్టెకును నడుమ టార్కు కన్వర్టరు అను గుండ్రని పాత్ర కలదు. అందు ఇంజనువైపు రెక్కలు నూనెను విసరగా, ఆ నూనె గేరుపెట్టెవైపు రెక్కలను త్రిప్పును. లోపలి క్లచ్చి పలకలను బిగించునదియు నూనె ఒత్తిడియే. ఈ ఒత్తిడి నిచ్చు పంపు ఇంజనుతోడనే తిరుగును, ఇంజనుతోడనే ఆగును. (అందుచేతనే ఇట్టి బండిని పదిమంది కూడి త్రోసినను స్టార్టు కాదు.)

ఇక మన తోటలలోని పంపుసెట్టును తలచుకొనుడు. అడుగుననున్న ఫుట్ వాల్వు సరిగా మూసికొననిచో రాత్రి గొట్టములోని నీరంతయు బావిలోనికి దిగిపోవును. ఉదయమున పైనుండి నీరు పోసిన గాని పంపు నీరెత్తదు. పంపు చెడినదని దానిని మార్చు రైతు ఎవడైన కలడా? కన్వర్టరు విషయమును ఇట్టిదే. నూనెను వెనుకకు పోనీయకుండ నిలుపు కవాటము బిగువు తప్పినను, పంపునొద్ద బుషింగు అరిగినను, నూనె మెల్లమెల్లగా దిగువ తొట్టిలోనికి జారును. ఉదయమున పంపు మరల కన్వర్టరును నింపువరకు బండి కదలదు.

అయితే కారణ మిదియొక్కటియే కాదు. క్లచ్చి పిస్టనుల రబ్బరు సీళ్లు ఏండ్లు గడచినకొలది గట్టిపడును. చేతిపంపులోని తోలువాషరు ఎండినచో నీరెక్కదు గదా. నానిన పిదప ఎక్కును. అట్లే ఈ సీళ్లు చల్లగా నున్నపుడు ఒత్తిడిని కారనిచ్చి, నూనె వేడెక్కి మెత్తబడిన పిదప పట్టును. అప్పుడు జారుట కొన్ని క్షణములతో పోదు, మైలు రెండుమైళ్లు సాగును. ఉదయమున బాగుగనుండి వేడెక్కిన పిదప జారినచో పలకలు అరిగియుండవచ్చును. మలుపులలోను ఎత్తులలోను జారినచో మొదట నూనె తక్కువయేమో చూడవలెను. కావున ఎప్పుడు జారుచున్నది, ఎంతసేపు జారుచున్నది అను రెండు ప్రశ్నలకు సమాధానము చిక్కక మునుపు పెట్టెను విప్పనీయరాదు.

మేమతనికి వ్రాసిన పరీక్ష యిది. రాత్రి బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపిన వెంటనే నూనె కొలుచు కడ్డీని చూచి గుర్తు పెట్టుకొనవలెను. ఉదయమున స్టార్టు చేయక మునుపు మరల చూడవలెను. మట్టము మిక్కిలి పెరిగియున్నచో కన్వర్టరులోని నూనె తొట్టిలోనికి దిగినదని అర్థము. ఇది పోల్చుటకు మాత్రమే; అసలు కొలత ఇంజను తిరుగుచుండగా, నూనె వేడిగానున్నపుడు చూడవలసినది. ఆగిన ఇంజనుతో చూచి నూనె నిండుగనున్నదని భ్రమపడువారు పెక్కుమంది. క్రిస్లర్ వారి పలు పాత గేరుపెట్టెలలో పార్కు స్థానమున కన్వర్టరునకు నూనె అందదు. కనుక వానిని న్యూట్రలునందుంచియే కొలువవలెను. నూనె సహజముగ ఎఱ్ఱనిది. నల్లబడి మాడువాసన కొట్టినచో పలకలు కాలినవన్నమాటయే; అప్పుడు వర్కుషాపువారి మాట వినవలసినదే.

పిదప, బ్రేకు త్రొక్కి న్యూట్రలులో స్టార్టు చేసి, అరనిమిషము ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి, అప్పుడు గేరు వేయవలెను. బండి పట్టకున్నచో యాక్సిలరేటరు నెంతమాత్రము త్రొక్కరాదని రెండుమార్లు వ్రాసితిమి. వేగముగా తిరుగు ఇంజనునకు గేరు ఒక్కమారు పట్టినచో పలకలు కాలుట యటుండనిండు, ముందు నిలుచున్న మనిషి గతి యేమి? అతని యింటిముందు పిల్లలాడుకొందురని లేఖలో నుండుటచే మాకా భయము కలిగినది.

నెలదినములకు ప్రత్యుత్తరము వచ్చెను. ఉదయమున మట్టము బొటనవ్రేలెడు పెరిగినదట. నూనె ఎఱ్ఱగనే యున్నదట. న్యూట్రలులో అరనిమిషము ఆగి గేరు వేయగా బండి వెంటనే కదలినదట. వేరొక మేస్త్రీచేత కవాటమును మాత్రము మార్పించుకొనెను. గేరుపెట్టె పాతదే.