పొగగొట్టం లేని కారుకు పొగ ఉండదా?

లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. మండితే మాత్రం దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంత బరువెక్కడిది? పెట్రోల్లోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, అదీ సంగతి. పైగా ఇంజనులో సగానికిపైగా శక్తి వేడిగానే పోతుంది. అప్పుడే ఆగిన కారు బానెట్ దగ్గర చెయ్యి పెట్టండి, సెగ తగులుతుంది.

కరెంటు కారు పొగ వేరేచోట లేస్తుంది. కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలుస్తారు. కర్నూలు పక్కన ఓర్వకల్లు, గని, శకునాల నేలల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి ఎండనే కరెంటు చేస్తోంది. మనం తిట్టుకునే ఆ ఎండే! అందుకే చార్జింగ్ మిట్టమధ్యాహ్నం పెట్టడం మేలు. రాత్రి బొగ్గు వాటా పెరుగుతుంది.

బ్యాటరీ తయారీలోనూ పొగ ఎక్కువే. ఎండ కరెంటుతో తిరిగేకొద్దీ ఆ బాకీ త్వరగా తీరుతుంది.