ఆటో పరదాలో దాగిన నూనె

పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు వానలో ఆటో ఎక్కినవాళ్లకి ఈ పరదా సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. చినుకులు మొదలవగానే డ్రైవరు బండి పక్కకి ఆపి, పైన చుట్టి కట్టిన రెగ్జిన్ తాడు విప్పుతాడు. పరదా జారి కిందికి వస్తుంది. దాని మధ్యలో అద్దంలాంటి ప్లాస్టిక్ ముక్క. కొత్తదైతే అందులోంచి జీడితోటలు కనిపిస్తాయి, పాతదైతే ఉత్త మసక. భావనపాడు, నౌపడ వైపు తిరిగే బండ్లకైతే టిచ్ బటన్లు కూడా సగం తుప్పే. ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్లాగుతుంది?

టెక్కలి పిల్లాడొకడు క్లాసులో అడిగాడు: “మాస్టారూ, మా నాన్న ఆటో పరదా ఏసవిలో అతుక్కుపోతాది, సలికాలం పొద్దున్న ఇప్పితే పటుక్కున ఇరిగిపోతాది. ప్లాస్టిక్ ఒకటే కదండీ?”

ఒకటి కాదు, రెండు. ఆ కిటికీలో పీవీసీ ఉంది, దాంతోపాటు నూనె ఉంది. ఉత్త పీవీసీ అంటే మన బోరు పైపు. వంచబోతే వంగదు, గట్టిగా వంచితే విరుగుతుంది. సుమారు 80 డిగ్రీల వేడి తగిలితే గానీ మెత్తబడదు. దాని బరువులో 57 శాతం క్లోరినే, ఆ క్లోరిన్ పుట్టేది మామూలు ఉప్పులోంచి. అంటే పరదాని పాడుచేసే ఉప్పే దానికి పుట్టిల్లు కూడా!

మరి బోరు పైపుకి వరసకి తమ్ముడైన ఈ పరదా చుట్టడానికి ఎలా లొంగుతోంది? ఉద్దానంలో కొబ్బరాకు అల్లేవాళ్లని చూడండి. ఎండిన ఆకు మడిస్తే విరుగుతుంది, నానబెడితే చెప్పినట్టు వింటుంది. నీళ్లు ఆకు పోగుల మధ్య దూరి, ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు సడలిస్తాయి. పీవీసీలోనూ అదే పని జరుగుతుంది. పొడవాటి అణువుల గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. డీఓపీ లాంటి చిక్కటి నూనెని వేడిలో కలిపితే అది గొలుసుల మధ్య చేరి, వాటిని కాస్త ఎడంగా ఉంచుతుంది. గొలుసులు జారడం మొదలుపెడతాయి. మెత్తటి షీటు బరువులో మూడో వంతు దాకా ఈ నూనే ఉండొచ్చు. గట్టిబడే వేడిమి 80 నుంచి సున్నా కిందికి దిగిపోతుంది.

ఈ కిటుకు పట్టినవాడు అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త వాల్డో సెమన్. 1926లో అతను వెతికింది పరదా కోసం కాదు, రబ్బరుని లోహానికి అంటించే జిగురు కోసం. అప్పట్లో ఎందుకూ పనికిరాదనుకున్న పీవీసీని మరిగే ద్రావకంలో వేసి కాచాడు. జిగురు రాలేదు గానీ, చల్లారాక రబ్బరులా సాగే ముద్ద వచ్చింది. దాన్ని గుడ్డకి పూసి, కంపెనీ ఉపాధ్యక్షుడి గదిలోకి పట్టుకెళ్లి, ఆయన బల్ల మీది కాగితాల బుట్టపై కప్పి, పైనుంచి కూజాడు నీళ్లు పోశాడట. కాగితాలు తడవలేదు. పై అధికారి కాగితాల మీద నీళ్లు పోయగల ఉద్యోగి అంటే నాకు మహా ఇష్టం. పేటెంటు 1933లో వచ్చింది.

అంతకుముందు కార్ల పరదాల్లో సెల్యులాయిడ్ ముక్కలుండేవి. వాటిని మెత్తబరిచింది కర్పూరం! కర్పూరం సంగతి తెలిసిందే, హరించుకుపోతుంది. కిటికీ పసుపెక్కి పెళుసయ్యేది.

నూనె కర్పూరమంత తొందరపడదు గానీ, అదీ పోయేదే. గొలుసులకి రసాయన బంధంతో ముడిపడి ఉండదు కదా, దారి దొరికితే బయటికొస్తుంది. ఎండకి మెల్లగా ఆవిరవుతుంది. కరెంటు వైరుని థర్మోకోల్ పెట్టెలో నెలల తరబడి వదిలేస్తే తగిలినచోట గాడి పడుతుంది, వైరు తొడుగులోంచి జారిన ఈ నూనె పనే అది. పరదాని దినపత్రికలో చుట్టి అటకెక్కిస్తే, నూనె సిరాని లాగి, వార్తలు తిరగేసిన అక్షరాల్లో కిటికీ మీద అచ్చవుతాయి. పెట్రోలుతో తుడిస్తే ఆ పూటకి తళతళలాడుతుంది, నూనె మాత్రం పెట్రోలుతోపాటు పోతుంది. నూనె తగ్గినకొద్దీ గట్టిబడే వేడిమి మళ్లీ పైకెక్కుతుంది. పిల్లాడి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది: కొత్త పరదాని ఏమీ చెయ్యలేని డిసెంబరు చలి, నూనె వోడిన పరదాని విరగ్గొడుతుంది. మేలో వేడికి పైకి ఊరిన నూనె జిడ్డు మడతల్ని అతికిస్తుంది.

ఇలాంటి పక్క పరదాలన్నీ దించినా జీపు వెనక కూర్చున్నవాళ్లు తడుస్తారు, కానీ దోషం కుట్టు వేసినవాడిది కాదు. పెట్టెలాంటి బండి ముందుకి దూసుకుపోతే వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఖాళీలోకి గాలి సుళ్లు తిరుగుతూ, చక్రాలు చిమ్మిన నీళ్లతో సహా లోపలికొస్తుంది. వేసవిలో దుమ్ము వచ్చేదీ ఆ దారినే. వెనక పరదా కూడా వేసి, ముందు కాస్త గాలి దూరనిస్తే ఈ బెడద తగ్గుతుంది, అద్దానికి ఆవిరి పట్టడమూ తగ్గుతుంది. ఇదంతా మామూలు వానల మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను లాంటి దానిముందు, గంటకి 140 కిలోమీటర్లు మించిన గాలిలో, పరదా ఏపాటిది!

సెమన్ తర్వాతి కథ చిన్నదే. విల్లీస్ జీపులు వచ్చాయి, వాటి వెనక మహీంద్రావి వచ్చాయి, 2020 నాటి కొత్త థార్‌కీ గుడ్డ టాపు ఇచ్చారు. కిటికీ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా సెమన్ బాపతే.

కాబట్టి వానలు వెళ్లాక పరదా తీసేటప్పుడు మంచినీళ్లతో ఉప్పు కడగండి. తడి ఉంటే తెల్లబడుతుంది, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. మడత పెట్టొద్దు, మధ్యలో పాత నూలు పంచె వేసి వదులుగా చుట్టండి. కాగే రేకుల కింద దాచకండి. చలి పొద్దున విప్పాల్సి వస్తే ముందు కాసేపు ఎండ తగలనివ్వండి.