గుంపు వెళ్లిపోయాక మారా

డ్రైవర్ పక్కనున్న రేడియో గరగరలాడుతుంది. స్వాహిలీలో ఏవో నాలుగు ముక్కలు. వాటిలో ‘డూమా’ అన్నది వినపడిందా, బండి గిర్రున వెనక్కి తిరుగుతుంది. డూమా అంటే చీతా. సింబా సింహం, చూయి చిరుతపులి, కిఫారు ఖడ్గమృగం. ఈ పేర్లు వంటబడితే మసాయి మారాలో డ్రైవర్లు ఏం మాట్లాడుకుంటున్నారో సగం తెలిసిపోయినట్టే. కాసేపటికల్లా అక్కడ అరడజను బండ్లు పోగవుతాయి, వాటి వెనకే ఇంకో అరడజను. లేపి ఉంచిన పైకప్పుల కింద నుంచి తలలు, తలల ముందు బారెడు లెన్సులు.

మారాకు వెళ్లొచ్చిన వాళ్లను ఎవరైనా అడిగేది ఒక్కటే: సింహాన్ని చూశారా? చూస్తారు, దాదాపు అందరూ చూస్తారు. పొదనీడలో వెల్లకిలా పడుకుని, ఈగలు ముసిరినా కన్ను తెరవని సింహం ఫొటో ప్రతి ఫోన్‌లోనూ ఉంటుంది. నన్నడిగితే అక్కడ గుర్తుండిపోయేవి వేరే. బండ్లు ఇంజన్లు స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాక ఇంకాసేపు ఆగిన వాళ్లకే అవి కనబడతాయి.

కెన్యా నైరుతి మూలన 1,510 చదరపు కిలోమీటర్ల రిజర్వు మసాయి మారా. దక్షిణాన దేశం మారుతుంది తప్ప గడ్డి మారదు, మధ్యలో కంచె లేదు. అవతల టాంజానియాలో సెరెంగెటి, దాని విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. సుమారు 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు, రెండు లక్షలకు పైగా జీబ్రాలు పచ్చిక కోసం వానల వెంట ఏడాది పొడవునా ఈ రెండింటి మధ్య తిరుగుతుంటాయి. జులై నుంచి అక్టోబరు దాకా వాటికి అడ్డొచ్చేది మారా నది. మనవాళ్లలో ఎక్కువమంది టికెట్లు తీసుకునేదీ ఆ నెలల్లోనే.

నది దాటడం టీవీలో మూడు నిమిషాల పని. ఒడ్డున కూర్చుంటే పూటంతా పట్టొచ్చు, అసలు జరగకనూపోవచ్చు. ముందున్న జంతువు నీళ్ల దాకా దిగుతుంది, వాసన చూస్తుంది, ఏం తోస్తుందో ఏమో చటుక్కున వెనక్కి తిరుగుతుంది. దానితోపాటు వెనకున్న వేలూ తిరుగుతాయి. మందకు పెద్ద అంటూ ఎవరూ లేరు, చాలాసార్లు ముందు తెగించేది జీబ్రాలే. ఒక్కటి దూకిందా, ఇక తెగిన చెరువుకట్టే. మేం చూసిన చోట అవతలి గట్టు నిటారుగా ఉంది. ముందెక్కినవి పట్టు దొరక్క జారి వెనక వాటి మీద పడ్డాయి. గిట్టల కింద మట్టి పెళ్లలు విరిగి నీళ్లలో కూలుతున్నాయి. ఎలాగో గట్టెక్కిన ఓ తల్లి దూడ కోసం అరుస్తూ అటూ ఇటూ తిరిగింది. ఎంతకీ కనబడకపోయేసరికి, అంత కష్టపడి దాటిన నదిని మళ్లీ ఇవతలికి ఈదింది.

మొసలి నోట పడేవాటి కన్నా ఇలా తొక్కిసలాటలో, వరదలో మునిగి చచ్చేవే ఎక్కువ. ఏటా సగటున 6,250 కళేబరాలు నదిలో చేరుతున్నాయని 2017లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. బరువులో 1,100 టన్నులు, అంటే పది నీలి తిమింగలాలంత. వాటిలో మొసళ్లు తినగలిగేది చాలా కొంచెం. రాబందులూ మారబూ కొంగలూ తమ వంతు తింటాయి, మెత్తటి మాంసం కొన్ని వారాల్లో కరిగి చేపల పాలవుతుంది. ఎముకలు కరగడానికి ఏడేళ్లు పడుతుంది, అన్నాళ్లూ వాటిలోని భాస్వరం నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. వంపు దగ్గర రాళ్లకు చిక్కుకుని ఉబ్బిన కళేబరాల మీద రాబందులు రెక్కలు విప్పుకుని కూర్చుంటాయి. వాసన భరించడం కష్టమే, దాటడం చూసిన బండ్లలో ఒక్కటీ అక్కడ ఆగదు. నా మటుకు నాకు మారాలో అన్నిటికన్నా గొప్ప దృశ్యం అదే.

దుమ్ములగొండిదీ అలాంటి కథే. తెల్లవారుజామున సింహాలు వైల్డ్‌బీస్ట్‌ను తింటుంటాయి, చుట్టూ దూరంగా దుమ్ములగొండ్లు కాచుకుని ఉంటాయి. చూసిన వాళ్లంతా ‘ఎంగిలి కోసం చేరాయి’ అనేస్తారు. 1960లలో టాంజానియాలోని ఎన్గోరోన్గోరో బిలంలో హన్స్ క్రూక్ అనే జంతు శాస్త్రవేత్త రాత్రిళ్లు మేలుకుని వాటి వెంట తిరిగి చూస్తే వ్యవహారం తలకిందులుగా ఉంది. చీకట్లో వేటాడి పడగొట్టింది దుమ్ములగొండ్లు, తరిమేసి లాక్కున్నది సింహాలు. తెల్లారి వచ్చిన మనకు కనబడేది రెండో అంకమే. దుమ్ములగొండి గుంపులో పెత్తనం ఆడవాటిదన్న సంగతి కూడా డ్రైవర్‌ను అడిగితేనే చెబుతాడు. అడిగేవాళ్లు తక్కువ.

మా బండిలో విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. సింహం అయింది, ఏనుగులు అయ్యాయి, ఆయనకు మాత్రం తృప్తి లేదు. “పెద్దపులిని చూపించడేంటి బాబూ ఇతను?” అని అల్లుణ్ణి నిలదీశారు. “ఆఫ్రికాలో పెద్దపులులు ఉండవు మావయ్యా” అన్నాడా అబ్బాయి. “మరి ఇంత డబ్బెందుకు పోసినట్టు?” అన్నారాయన. కాసేపటికి ముళ్లపొద చిటారున ఒక పిట్ట కనబడింది. రెక్కల్లో నీలాలు, రొమ్ము లేత ఊదా. మన పాలపిట్టకు స్వయానా దాయాది, లైలాక్ బ్రెస్టెడ్ రోలర్. పెద్దాయన టోపీ తీసి చేతులు జోడించారు. పాలపిట్టంటే దసరాకు తెలంగాణ పల్లెల్లో ఊరి పొలిమేర దాటి మరీ వెతికే పిట్ట, పైగా ఆ రాష్ట్ర పక్షి. మారాలో దాని చుట్టాలు కొమ్మకొకటి కనబడతాయి.

జాబితాలో లేనిదాన్ని చూడగలిగే కళ్లు ఎక్కువగా గైడ్లవే. 2019 సెప్టెంబరులో ఆంటొనీ టీరా అనే మసాయి గైడ్‌కు ఒక జీబ్రా పిల్ల కనబడింది. ఒంటి మీద చారల్లేవు, నల్లటి ఒళ్లంతా తెల్ల చుక్కలు. ఎవరో పట్టుకుని రంగు పూశారేమో అనుకున్నాడట ముందు. రంగు కణాల తేడా వల్ల అరుదుగా అలా పుడతాయి. దానికి తన పేరే పెట్టాడు. ఆ కబురు తెలిశాక అటు కట్టిన బండ్ల సంగతి వేరే చెప్పాలా!

ఇక చీతా. మన దేశంలో లేకుండా పోయిందని 1952లో ప్రకటించారు, 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిదింటిని మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చారు. మారాలో మాత్రం పుట్టల మీద కూర్చుని కనబడుతుంది. కళ్ల నుంచి మూతి దాకా నల్లటి కన్నీటి చారలు, చూపంతా దూరంగా మేస్తున్న గజెల్ జింకల మీద. పక్కనే వీపు మీద బూడిదరంగు జూలుతో పిల్లలు. అంత వేగంగా పరిగెత్తి పట్టిన వేటను కూడా వెంటనే తినలేదు, ముందు ఎగశ్వాస తగ్గాలి. ఈలోగా సింహమో దుమ్ములగొండో వచ్చిందంటే కూడు పోయినట్టే. దాని చుట్టూ బండ్లు మూగితే ఏమవుతుందో 2018లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. మారాలో సందర్శకులు తక్కువగా వచ్చే చోట్ల ఒక్కో కాన్పుకు సగటున 2.3 పిల్లలు పెరిగి పెద్దవుతుంటే, రద్దీ చోట్ల 0.2 మాత్రమే. అంటే ఐదు కాన్పులకు ఒక్క పిల్ల. ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి ఆగకూడదు, మిగతావి వరసలో ఉంటే పది నిమిషాల్లో కదలాలి అన్న నియమాలు ఉన్నాయి. ‘డూమా’ అన్న మాట వినబడ్డాక వాటిని గుర్తుపెట్టుకునే వాళ్లు కొద్దిమందే.

డ్రైవర్లను తిట్టి లాభం లేదు. సింహం, చిరుత, ఏనుగు, అడవి దున్న, ఖడ్గమృగం ఐదూ చూపిస్తేనే టిప్పు బాగా ముడుతుందని వాళ్లకు తెలుసు. ఆ ఐదింటి జాబితా కూడా కాలినడకన వేటాడటానికి ఏవి ప్రమాదకరమో చూసి పాతకాలపు వేటగాళ్లు వేసుకున్నదే. చీతాకు, జిరాఫీకి అందులో చోటు లేదు.

నది దాటడమే చూడాలన్న పట్టుదల లేకపోతే జనవరి, ఫిబ్రవరి మేలు. సింహాలు, చీతాలు, ఏనుగులు మారాలో ఏడాదంతా ఉంటాయి, బండ్లే తగ్గుతాయి. విదేశీయులకు ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, తర్వాతి ఆర్నెల్లు 200. ఆ జనవరి, ఫిబ్రవరిల్లోనే దక్షిణ సెరెంగెటి మైదానాల్లో వైల్డ్‌బీస్ట్‌లు కొద్ది వారాల్లోనే లక్షల దూడల్ని ఈనుతాయి. పుట్టిన పది నిమిషాల్లోపే దూడ లేచి నిలబడుతుంది, తల్లి వెంట పరుగు మొదలెడుతుంది. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందే అది వేయించుకోవాలి.

మొదటి రోజు బండెక్కగానే డ్రైవర్‌కు ఒక మాట చెప్పండి: రేడియో కట్టేసినా, సింహం చూపించకపోయినా టిప్పులో తేడా ఉండదని. అతను నమ్మడానికి ఒక పూట పడుతుంది.